మోకాలి లోతు

పోస్టాఫీసు ముందు నాలుగో మెట్టు బయటపడేసరికి మేస్త్రమ్మ చేతిలోని పార అలాగే ఆగిపోయింది.

అంతకు నిమిషం ముందు వరకు ఆవిడ నోరు ఆగలేదు. బ్యానర్లు కట్టేవాళ్ళు తన నిచ్చెన అడక్కుండా తీసుకుపోయారని తిట్టింది. సున్నం పలచగా కలిపారని తిట్టింది. నాలుగు రోజుల్లో కొత్త ఇళ్ళ ప్రారంభోత్సవం పెట్టుకుని పోస్టాఫీసు ముందు మట్టి ఎత్తే పని కూడా నా నెత్తినే రుద్దారా అని ఊరు మొత్తాన్నీ కలిపి ఒకేసారి తిట్టింది. ఆవిడ కోపం అందరికీ అలవాటే. ఇరవై ఏళ్ళుగా తాపీ పట్టి, మగ మేస్త్రీల మధ్య నెగ్గుకొచ్చిన మనిషి. నోరు మెత్తబడితే గోడ వంకర పోతుందని ఆవిడ గట్టి నమ్మకం. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఊళ్ళో లేరు, చిన్నా పెద్దా అందరికీ మేస్త్రమ్మే.

అలాంటి మనిషి నోరు మూసుకుని మెట్లు లెక్కపెట్టుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మెట్టుకు అర అడుగు. మొత్తం రెండడుగులు.

ముసలి పోస్టుమాస్టరు పై మెట్టు మీద దుమ్ము ఊదుకుని కూర్చున్నాడు. "హమ్మయ్య! ఏడాది దాటింది తల్లీ, ఈ మెట్ల మీద కూర్చుని. వరదొచ్చాక వీధిలోంచి తిన్నగా ఆఫీసులోకి నడిచొచ్చేవాళ్ళం. గడపా వీధీ ఒకే ఎత్తు. గుర్తుందా?"

"గుర్తుంది" అంది మేస్త్రమ్మ. గుర్తుండబట్టే ఆవిడ మెట్లను మరోసారి లెక్కపెట్టింది.

వరద గురించి కొంచెం చెప్పాలి. పైన కొండల్లో మూడు రోజులు కురిసిన వాన నాలుగో రోజు తెల్లవారేసరికి ఊరి మీద పడింది. రెండు రోజులు ఉండి పోయింది. పోతూ పోతూ వీధుల నిండా రెండడుగుల ఒండ్రు మట్టి వదిలిపోయింది. ఆ మట్టి ఎండి, నెర్రెలిచ్చి, జనం తొక్కగా తొక్కగా గచ్చులా గట్టిపడింది. రెండు నెలలు దాని మీదే నడిచారు, దాని మీదే వంటలు చేసుకున్నారు, దాని మీదే పోట్లాడుకున్నారు. కాళ్ళ కింద ఉన్నది నేల కాదన్న సంగతి మెల్లమెల్లగా అందరూ మరిచిపోయారు.

అప్పుడొచ్చాడు కుర్ర ఇంజనీరు. మంచివాడు, అందులో ఇసుమంత అనుమానం లేదు. కాల్చిన ఇటుక వద్దు, చెట్లు నరకొద్దు, వరద తెచ్చిన మట్టితోనే వరదకు నిలబడే ఇళ్ళు కట్టుకుందాం అన్నాడు. ఒండ్రులో కాస్త ఇసుక, పిసరంత సిమెంటు కలిపి మిషనులో వేసి నొక్కితే ఇటుక తయారు. మేస్త్రమ్మ మొదట నవ్వింది. బురద ముద్దలు పేర్చి ఇల్లంటావా అని ముఖానే అడిగేసింది. మొదటి ఇటుకను నెల రోజులు నీళ్ళ తొట్టిలో నానబెట్టి, తీసి, నడుం ఎత్తు నుంచి రాతి మీద పడేసింది. అంచు కూడా చిట్లలేదు. ఆ రోజు నుంచి ఆ పని మీద ఆవిడకు పిచ్చి పట్టుకుంది. అరవై రెండు ఇళ్ళు. వాన నీళ్ళు పట్టే గుంటలు, గాలి ఆడేలా ఎదురెదురు కిటికీలు, మధ్యాహ్నం మండుటెండలో కూడా చల్లగా ఉండే గోడలు. ఇరవై ఏళ్ళలో ఇంత ముచ్చటగా ఆవిడ ఏ పనీ చేయలేదు.

కట్టేముందు ఒకటే ప్రశ్న. పునాది ఎంత ఎత్తు లేపాలి? నీళ్ళు ఎంతవరకు వచ్చాయో దానికి అర అడుగు పైకి అన్నాడు ఇంజనీరు. అప్పటికే రోగాలొస్తాయని ఊరంతా సున్నం కొట్టేశారు. నీటి మరక చెక్కు చెదరకుండా కనిపిస్తున్నది పోస్టాఫీసు గోడ మీదే. అక్కడే కొలిచారు. మరక దగ్గర టేపు పెట్టి చదివినది ఇంజనీరు. వంగి, సున్నా కొసను నేలకు అదిమి పట్టుకున్నది మేస్త్రమ్మ. మూడడుగులు వచ్చింది. పునాది మూడున్నర అని కాగితం మీద రాసుకున్నారు. మర్నాడే ఇటుకల మిషను తెచ్చి పోస్టాఫీసు ముందు బిగించారు.

తర్వాత ఊళ్ళో ఒండ్రంతా గోకి ఆ మిషనులో పోశారు. వీధులన్నీ పాత మట్టానికి దిగాయి. మిషను కింద ఉన్న మట్టి ఒక్కటే ఎత్తుగా మిగిలింది. దానికి మిషను దిబ్బ అని పేరు పెట్టి రోజుకు నలభైసార్లు ఎక్కి దిగారు. మేస్త్రమ్మ కూడా ఎక్కింది, దిగింది. ఒక్కనాడు ఒక్కరికీ తట్టలేదు, ఆ రోజు టేపు పెట్టింది ఈ దిబ్బ మీదేనని. నిన్న మిషను ఎత్తుకుపోయారు. ఇవాళ దిబ్బ తవ్వితే అడుగున మెట్లు.

ఆవిడ పార పడేసి తాపీ అందుకుంది. పోస్టాఫీసు గోడకు తర్వాత కొట్టిన సున్నం గీకింది. రెండు పొరల కింద మట్టిరంగు మరక, అదే చోట, బుద్ధిగా పడుకుని ఉంది. మరక నుంచి పాత వీధి వరకు టేపు వేసింది. ఐదడుగులు.

కొత్త ఇళ్ళ నేల మూడున్నర. వచ్చిన నీళ్ళు ఐదు.

"ఏమైందమ్మా?" అన్నాడు పోస్టుమాస్టరు.

"ఏమవుతుంది, నా శ్రాద్ధమైంది" అని ఆవిడ ఇంజనీరు షెడ్డు వైపు పరుగులాంటి నడకతో వెళ్ళింది.

ఇంజనీరు మొదట నమ్మలేదు. తర్వాత టేపు తీసుకుని పోస్టాఫీసు దగ్గరకు వచ్చి తానే కొలిచాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారికి మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎలా మరిచిపోయాం మేస్త్రమ్మా?"

"నువ్వు ఊరికి కొత్త బాబూ. నీకు మెట్లున్నాయని తెలీదు. నేనిక్కడే పుట్టాను. ఆ మెట్ల మీద కూర్చుని పలకా బలపం పట్టినదాన్ని. నాకేం పోయేకాలం?" ఆవిడ నెత్తి కొట్టుకుంది. వెంటనే సర్దుకుంది. "సరే, ఏడ్చి ఏం లాభం. నేల రెండడుగులు లేపాలి. లోపల మట్టి నింపి గచ్చు మళ్ళీ చేయాలి. గుమ్మాలు తీసి, వాటి మీద గోడ బరువు మోసే దూలం పగలగొట్టి ఎత్తులో పెట్టాలి. కప్పుకు చెయ్యి పెట్టక్కర్లేదు, పదకొండు అడుగులు పెట్టాం కాబట్టి. అందరం దిగితే మూడు నెలలు."

"ప్రారంభోత్సవం..."

"దాన్ని గంగలో కలపండి."

"పైవాళ్ళతో మాట్లాడతాను" అన్నాడు ఇంజనీరు. ఆ మాట వినగానే ఆవిడకు సగం ఆశ చచ్చిపోయింది. పైవాళ్ళతో మాట్లాడడానికి వెళ్ళినవాళ్ళెవరూ కింద ఉన్నవాళ్ళ మాటతో తిరిగి రావడం ఆవిడ చూడలేదు.

మర్నాడు పొద్దున్న పురపాలక ఆఫీసుకు రమ్మని కబురొచ్చింది. చైర్మన్ గదిలో కొత్త ఊరి బొమ్మ బల్ల మీద పెట్టి ఉంది. అట్టముక్కలతో చేసిన అరవై రెండు ఇళ్ళు, పచ్చటి కాగితం చెట్లు. దాని పక్కనే ఇంజనీరు నిలబడి ఉన్నాడు. పర్యావరణానికి హాని లేకుండా కట్టిన ఊరని పెద్ద బహుమతి రాబోతోందట, రాజధాని నుంచి ఈ పథకం చూసే పెద్ద మేడం వచ్చి స్వయంగా తాళాలు ఇస్తుందట. చైర్మన్ ఆ బొమ్మ చుట్టూ కొత్త పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు.

"కూర్చో మేస్త్రమ్మా. టీ తాగుతావా?"

"టీకి రాలేదు."

"నీ కోపం నాకు తెలీదా!" చైర్మన్ నవ్వాడు. "చూడు, నువ్వు చెప్పింది వాస్తవమే కావచ్చు. ఎవరు కాదన్నారు? ప్రారంభోత్సవం అవనీ. జనం ఇళ్ళలో చేరనీ. ఆ తర్వాత నెమ్మదిగా చూద్దాం."

"జనం చేరాక నేల ఎలా లేపుతారు? మంచాలూ బిందెలూ నెత్తిన పెట్టుకుని నిలబడమంటారా మూడు నెలలు?"

"అందుకే, తర్వాత చూద్దామంటున్నా."

"మీ 'తర్వాత' నాకు తెలుసులెండి. వరదకు ముందు కాలవ పూడిక గురించి కూడా తర్వాతే చూద్దామన్నారు."

చైర్మన్ నవ్వు ఆగింది. ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు బల్ల మీది అట్ట ఇంటిని కొంచెం సర్దుతూ అన్నాడు. "లెక్క ప్రకారం... అంత వరద మళ్ళీ వందేళ్ళకోసారి మేస్త్రమ్మా. ఒకవేళ వచ్చినా ఇంట్లోకి వచ్చేది అడుగున్నర నీళ్ళే. మోకాలి లోతే కదా."



ఆ మాట మేస్త్రమ్మ అంతకుముందు విన్నది. తన నోటితోనే అన్నది. వరద రోజున, తర్వాత నాని కూలిపోయిన తమ పాత ఇల్లు మెరక మీద ఉండడంతో, మోకాళ్ళ దాకానే నీళ్ళొచ్చాయి. పక్షవాతంతో మంచం పట్టిన అత్త వెనక గదిలో ఉంది. పల్లంలో ఇళ్ళు పీకల దాకా మునుగుతుంటే మేస్త్రమ్మ పిల్లలను భుజాన వేసుకుని బడి మేడ మీదకు చేరవేసింది. మధ్యలో ఒకసారి అత్త దగ్గరకు వచ్చింది. ముసలామె చూపులతోనే వెళ్ళొద్దంది. "మోకాలి లోతేగా అత్తా, ఏం కాదు. ఇప్పుడే వస్తా" అని వెళ్ళింది. తొమ్మిదిమంది పిల్లల్ని దాటించి వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. నీళ్ళు మోకాలి లోతులోనే ఉన్నాయి, బెత్తెడు కూడా పెరగలేదు. నవారు వదులై మంచం నడుమ కుంగింది. అంతే. లేచి కూర్చోలేని మనిషి చచ్చిపోవడానికి మోకాలి లోతు నీళ్ళు చాలా ఎక్కువ.

"బాబూ" అంది మేస్త్రమ్మ. గొంతు ఎంత నెమ్మదిగా వచ్చిందంటే చైర్మన్ కుర్చీ వెనక్కు జరుపుకున్నాడు. "ఇప్పుడు నువ్వన్న మాట బడిలోకి వచ్చి అను. ఇళ్ళు పోయి అక్కడ తలదాచుకున్నవాళ్ళలో పాకే పిల్లలు ఏడుగురున్నారు. వాళ్ళలో మోకాళ్ళు ఎవరికి ఎంత ఎత్తున్నాయో టేపు పెట్టి కొలిచి చూడు. ఈసారి కూడా కొస నేనే పట్టుకుంటా."



"అసలు ఆ రోజు కొస పట్టుకున్నది ఎవరు?" అన్నాడు చైర్మన్. ఇప్పుడు మాటలో తేనె లేదు. "నువ్వే కదా? తప్పు కొలిచింది నువ్వు, పునాదులు లేపింది నువ్వు. ఇప్పుడొచ్చి మా మీద ఒంటికాలి మీద లేస్తున్నావు. ఇది బయటకొస్తే జనం నిన్ను బతకనిస్తారా? ఆలోచించుకో."

"ఆలోచించుకునే వచ్చాను" అని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కు తిరిగి, బల్ల మీది బొమ్మను చూపించింది. "దాన్ని మీరే ఉంచుకోండి. అందులో ఎవరూ చావరు."

చైర్మన్ అన్నంత పనీ చేశాడు. ఆవిడ బడికి చేరకముందే, ఆవిడ తప్పు కొలత వల్ల ఇళ్ళివ్వడం ఆగిపోయేలా ఉందన్న కబురు చేరింది. వరదప్పటి నుంచీ పదకొండు కుటుంబాలు బడిలోని పెద్ద గదిలోనే ఉంటున్నాయి, దుప్పట్లు తెరలు కట్టుకుని. ఒకరి దగ్గు అందరూ వినాలి, ఒకరి పోట్లాట అందరూ చూడాలి. బోరింగు దగ్గర అర్ధగంట నిలబడాలి. ఇంకో మూడు రోజుల్లో సొంత తలుపు వేసుకుని, సొంత గోడకు ఆనుకుని కూర్చోవచ్చని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నారు. అలాంటివాళ్ళ నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టే అయింది.

"కొంప ముంచేశావు కదే!" అంది ఎదురింటి పెద్దావిడ. ఏడాది నుంచి ఎదురుతెర ఆవిడ. "నీ చేతి తప్పుకు మమ్మల్ని ఇంకో వానాకాలం ఇక్కడ కుళ్ళమంటావా?"

"తప్పు నాదే" అంది మేస్త్రమ్మ. "తిట్టండి. పడతాను. కానీ ఆ ఇళ్ళలోకి పోకండి."

"వరద మళ్ళీ రేపే వస్తుందా?"

"ఎల్లుండి వస్తుందేమో! ఉత్తరం రాసి వస్తుందా అది?"

అరుపులు చాలాసేపు సాగాయి. ఆవిడ కూడా తక్కువ తినలేదు, మాటకు మాట అంటించింది. అందరికంటే గట్టిగా గుచ్చుకున్నది మాత్రం అరవనివాళ్ళే. ఒకరు ఆవిడ కూతురు. పది నెలల పసిదాన్ని చంకన వేసుకుని దుప్పటి తెర పక్కకు తోసి అంది. "అమ్మా, దీనికి ఒళ్ళంతా చెమటకాయలు. రాత్రుళ్ళు గుక్కపట్టి ఏడిస్తే జనం విసుక్కుంటున్నారని దీన్ని ఎత్తుకుని వరండాలో తిరుగుతున్నాను. మూడు రోజులమ్మా. మూడు రోజులే మిగిలింది. నువ్వు చూడకుండా ఉంటే ఏం పోయేది?" అని తెర వేసేసుకుంది. ఆ తర్వాత తల్లితో మాట్లాడలేదు.

రెండో మనిషి మేస్త్రమ్మ మొగుడు. వడ్రంగి. కొత్త ఇళ్ళకు గుమ్మాలూ తలుపులూ అన్నీ ఆయన చేతి పనే. కొంపలంటుకున్నా తాపీగా కూర్చుని కొయ్యముక్క నున్నగా చిత్రిక పట్టే రకం. తల్లి పోయిన రోజు కూడా ఒక్క మాట అనలేదు. నీ వల్లే పోయిందని ఒకసారి తిట్టి ఉంటే మేస్త్రమ్మకు గుండె మీది బండ దిగేది. ఆయన తిట్టలేదు. ఏడాదిగా తిట్టకుండానే చంపుతున్నాడు. ఇప్పుడూ అంతే. విన్నాడు, లేచాడు, వెళ్ళి ఉలికి సాన పెట్టుకున్నాడు.

మూడో రోజు మేస్త్రమ్మ ఎక్కని గుమ్మం లేదు. కూలీలను కలిసింది. పెద్దమనుషులను కలిసింది. గోడకు చెప్పుకున్నట్టే అయింది. ఆ గోడలన్నీ తను కట్టినవే కావడంతో ఆవిడకు ఇంకా ఒళ్ళు మండింది.

ప్రారంభోత్సవానికి ముందు రోజు పొద్దున్నే ఆవిడ లెవెల్ పైపు భుజాన వేసుకుని బయలుదేరింది. ఆ పైపు మేస్త్రీల దగ్గర ఉండే మామూలు సరుకే. బొటనవేలంత లావు, నలభై అడుగుల పొడవు, లోపలి నీళ్ళు బయటకు కనిపించే గొట్టం. ఎంత వంకర తిప్పినా రెండు కొసల్లో నీళ్ళు ఒకే ఎత్తులో నిలబడతాయి. ఒక కొసను పోస్టాఫీసు మరక దగ్గర పట్టుకుంటే, రెండో కొస ఎదురింటి గోడ మీద అదే మట్టం చూపిస్తుంది. అక్కడి నుంచి పక్కింటికి. అలా ఊరంతా.

చిక్కల్లా ఒకటే. దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఆవిడ ఒక కొసను మరక దగ్గర మేకుకు కట్టి, రెండో కొసతో అవతలికి పరిగెత్తింది. మేకు జారి గొట్టం కింద పడి నీళ్ళన్నీ ఒలికిపోయాయి. మళ్ళీ నింపింది. మళ్ళీ కట్టింది. మళ్ళీ జారింది. బ్యానర్ల దగ్గర ఉన్నవాళ్ళు నవ్వారు. "నవ్వండి, నవ్వండి. నీళ్ళొచ్చినప్పుడు కూడా ఇలాగే పళ్ళికిలించండి!" అని వాళ్ళ మీద విరుచుకుపడి మూడోసారి నీళ్ళు నింపుతుంటే, గొట్టం రెండో కొస ఎవరో అందుకున్నారు.

కూతురు. చంకలో పసిది.

"ఎక్కడ పట్టుకోవాలి?" అంది, ఇంకా మొహం గంటు పెట్టుకునే.

"మరక దగ్గర. కదలకు."

మేస్త్రమ్మ మొదటి ఇంట్లోకి వెళ్ళింది. అది కూతురికి కేటాయించిన ఇల్లే. ప్రారంభోత్సవంలో మేడం చూడాలని చైర్మన్ ఆ ఇంట్లో కొత్త మంచం, పరుపు, దుప్పటి అన్నీ వేయించి పెట్టాడు. నీళ్ళు నిలబడిన చోట గోడ మీద ఆవిడ గుర్తు పెట్టింది. గుర్తు నుంచి గది చుట్టూ నీలం ముంచిన దారం పట్టి, లాగి వదిలింది. తెల్లటి గోడ మీద నీలం గీత పడింది. నేల నుంచి అడుగున్నర. మంచం పరుపు మీద బెత్తెడు ఎత్తున.

కూతురు లోపలికొచ్చి గీతను చూసింది. పసిదాన్ని చంకలోంచి దించి గోడకు ఆనించి కూర్చోబెట్టింది. గీత దాని నెత్తి మీదుగా పోయింది. పసిది వెనక్కు తిరిగి, గోడ మీది కొత్త రంగును అరచేత్తో తట్టి, నీలమైన అరచెయ్యి చూసుకుని కిలకిలా నవ్వింది.

కూతురు పిల్లను గబుక్కున ఎత్తుకుంది. తర్వాత "ఇంకెన్ని ఇళ్ళున్నాయి?" అంది.

"అరవై ఒకటి."

మధ్యాహ్నానికి పోస్టుమాస్టరు వచ్చి ఒక కొస పట్టుకున్నాడు. ఇద్దరు కూలీలు తమ పైపు తెచ్చుకున్నారు. అందరూ రాలేదు, సగంమంది దూరం నుంచి చూస్తూ తిట్టుకున్నారు. పొద్దు గుంకేసరికి అరవై రెండు ఇళ్ళలో గీత పడింది. పల్లం వైపు ఇళ్ళలో అది రెండడుగుల పైనే ఉంది.

ప్రారంభోత్సవం రోజు చైర్మన్ గీతను చూసిన క్షణంలో అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. సున్నం కొట్టించమని కేకలేశాడు. కొట్టేవాళ్ళు కావాలి కదా! ఊళ్ళో సున్నం కొట్టేవాళ్ళంతా మేస్త్రమ్మ మనుషులే. ఆవిడ మీద కోపమున్నవాళ్ళు కూడా, చేతులు కట్టుకుని, వాళ్ళ పిల్లలు పడుకోబోయే గదుల్లోకి తొంగిచూస్తూ నిలబడ్డారు. చైర్మనే చొక్కా చేతులు మడిచి కుంచె అందుకునేసరికి కారు హారన్ వినిపించింది.

పెద్ద మేడం తిన్నగా మొదటి ఇంట్లోకి వచ్చింది. గోడ తట్టి చూసింది, చల్లగా ఉందని మెచ్చుకుంది. మంచం మీద కూర్చుంది. కూర్చున్నాక నడుం వెనక నీలం గీత కనిపించింది. "ఇదేమిటి? అలంకారమా?"

"అదేం లేదు మేడం, స్థానిక..." అని చైర్మన్ మొదలుపెట్టాడు.

"నీళ్ళు" అంది గుమ్మంలోంచి మేస్త్రమ్మ. "పోయినేడు ఇంత వరకు వచ్చాయి. ఇప్పుడు మీరు కూర్చున్నారు కాబట్టి నడుం దాకా. పడుకుంటే మొహం మీద. మా అత్త ఇలాంటి మంచం మీదే, ఇన్ని నీళ్ళలోనే పోయింది. పడుకుని చూడండమ్మా ఒకసారి. తర్వాత ఇవ్వండి తాళాలు."

మేడం పడుకోలేదు. లేచి నిలబడింది. "ఇది నిజమేనా?" అని ఇంజనీరును అడిగింది.

చైర్మన్ చూపు ఇంజనీరు మీద మేకులా దిగింది. ఇంజనీరు నుదుటి చెమట తుడుచుకున్నాడు. "నిజమే మేడం. కొలత తప్పు. సంతకం నాది."

"టేపు కొస నాది" అంది మేస్త్రమ్మ.

మేడం ఎక్కువ మాట్లాడలేదు. నేల ఎత్తు పెంచాకే తాళాలివ్వమని చెప్పి కారెక్కింది. టీ కూడా తాగలేదు. బహుమతి ఊసు ఎత్తనే లేదు. చైర్మన్ కారు వెనక నాలుగడుగులు పరిగెత్తి, ఆగి, తిరిగొచ్చి మేస్త్రమ్మ కాళ్ళ ముందు ఉమ్మేశాడు.

గెలిచానని ఆవిడకు అనిపించలేదు. ఎదురుగా ఊరు నిలబడి ఉంది. మూటలు కట్టుకుని వచ్చినవాళ్ళు ఆ మూటలు మళ్ళీ నెత్తికెత్తుకుంటున్నారు. ఎదురుతెర పెద్దావిడ పొయ్యి సామాను గుండెలకు హత్తుకుని వెక్కివెక్కి ఏడుస్తూ, "నీ అత్త పోయిన పాపం మా నెత్తిన కడుక్కున్నావు" అంది. అందులో ఎంత నిజముందో మేస్త్రమ్మకే తెలియలేదు.

అప్పుడు జనంలోంచి వడ్రంగి వచ్చాడు. చేతిలో గునపం, చంకలో సుత్తి. ఎవరివైపూ చూడకుండా మొదటి ఇంటి ముందుకెళ్ళి, తాను నెల రోజులు చిత్రిక పట్టిన గుమ్మాన్ని ఒకసారి అరచేత్తో నిమిరాడు. నిమిరి, గోడకూ కొయ్యకూ మధ్య గునపం దించాడు. కొత్త కొయ్య కీచుమంది.

రెండు దెబ్బలు వేశాక, తల తిప్పకుండానే అన్నాడు.

"ఆ రోజు నేనూ వెళ్ళాను అమ్మ దగ్గరికి. నువ్వు వెళ్ళిన తర్వాతే. పడవ తోయడానికి మనుషులు తక్కువయ్యారని పిలుస్తుంటే, గుమ్మంలోంచే చూశాను. మోకాలి లోతేగా అనుకున్నాను."

ఏడాది. ఏడాది పాటు ఆ మనిషి మౌనమంతా తన మీది కోపమేననుకుంది మేస్త్రమ్మ. ఒకే గదిలో, ఒకే తెర వెనక, ఇద్దరూ ఒకే మాటను గొంతులో పెట్టుకుని, వీపులు ఆనించుకుని పడుకున్నారు.

"ఇన్నాళ్ళూ చెప్పి చావొచ్చు కదా!" అని అరిచింది. అరుపులో ఏడుపు కలిసిపోయింది. "నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా? బంక పెట్టుకున్నావా? నేనొక్కదాన్నే చంపాననుకుని ఏడాది..."

"గుమ్మం ఊడొస్తోంది" అన్నాడు వడ్రంగి. "ఆ కొస పట్టుకో. నేల మీద పడితే పగులుతుంది."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళి రెండు చేతులా పట్టుకుంది. బరువు భుజాల మీదికి దిగింది. వెనక కూతురు పసిదాన్ని పోస్టుమాస్టరు ఒళ్ళో పెట్టి, పార తీసుకుని, మట్టి నింపడానికి తట్ట వెతుక్కుంటోంది. జనంలో కొందరు వెళ్ళిపోయారు. కొందరు మూటలు దించారు.

"వంకరగా కొడుతున్నావు" అంది మేస్త్రమ్మ మొగుడితో, ముక్కు ఎగబీల్చుకుంటూ. "తిన్నగా కొట్టు."